కారు కడిగిన పిదప తడి తీయు విధము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము వినుటకు మిక్కిలి అల్పముగా తోచును. కారును కడిగిన తరువాత దానిమీది నీటిని రంగు చెడకుండ ఎట్లు తీయవలయును? ఇంతే ప్రశ్న. దీనికి ఒక ప్రసంగమేల, ఇంటనున్న పాతగుడ్డ యొకటి చాలదా యని కొందరు నవ్వుకొనవచ్చును. ఆ పాతగుడ్డయే యిందు ముఖ్యపాత్రము గావున, నవ్వును కొంతసేపు నిలిపి నా మాట వినుడని పెద్దలను ప్రార్థించుచున్నాను.

ఒకప్పుడు పల్లెకు మోటారుకారు వచ్చిన దినము పండుగవంటిది. బిడ్డలు దుమ్ములో దానివెంట పరుగెత్తెడివారు. నేడు చిన్న గ్రామములలో సైతము నాలుగైదు కార్లు కానవచ్చుచున్నవి. కొన్ని, పట్టణములందో పరదేశములందో ఉద్యోగము చేయు కుమారులు తలిదండ్రుల సౌకర్యమునకై కొని యుంచినవి. మరికొన్ని, బ్యాంకు అప్పుతో కొని, పెండ్లిండ్లకును ఆసుపత్రులకును బాడుగకు త్రిప్పబడుచు, ఒక్కొక్క కుటుంబమునకు జీవనాధారమైనవి. మొదటి జాతి కారుకు మెరుపు పోయినచో మనసు నొచ్చును. రెండవ జాతి కారుకు మెరుపు పోయినచో బేరము తగ్గును. అమ్మకమునకు పెట్టిన దినమున కొనువాడు యంత్రమును చూచుటకు ముందే రంగును చూచును. కావున దీనిని కేవలము సోకు మాటగా తీసివేయుటకు వీలులేదు.

ఇందు న్యాయమునకు సంబంధించిన యంశము కూడ నొకటి కలదు. నేనెరిగిన యొక యింట నల్లని కారు కొనిరి. ఆరు మాసములు గడచునప్పటికి, ఎండలో నిలిపినపుడు, దాని బానెట్టుమీద సాలెగూడువంటి సన్నగీతలు గుండ్రముగా మెరయజొచ్చినవి. యజమానునకు కోపము వచ్చెను. కారు కడుగు కుఱ్ఱవాడు గరుకు పీచుతో తోమినాడని నిశ్చయించి, వాని జీతములో కొంత పట్టుకొని, పనినుండి తొలగించెను. కుఱ్ఱవాడు ఒట్టు పెట్టుకొనెను గాని వినువారు లేకపోయిరి. వానికి తుడుచుటకిచ్చిన గుడ్డ యెట్టిదో, అది యెచట ఆరుచుండెనో ఆ యింట ఎవరును విచారింపలేదు. అది జరీయంచు గల పాత పంచె. అది ఆరునది పశువులకొట్టము ప్రక్కనున్న నేలమీద. తరువాత వచ్చిన పనివానికిని ఆ గుడ్డనే యిచ్చిరి. గీతలు మరింత హెచ్చినవి. కారణము తెలియనిచోట దోషము బలహీనునిమీద పడుట లోకసహజము. కావున కారణమును మొదట తెలిసికొందము.

కారు రంగు అని మనము చెప్పునది ఒక్క పొర కాదు. కర్మాగారమున ఇనుపరేకును శుద్ధిచేసి, ద్రవముతో నిండిన పెద్దతొట్టిలో ముంచి, విద్యుత్తు సాయమున త్రుప్పునాపు మొదటి పూతను పట్టింతురు. దానిపై అడుగుపూత, దానిపై రంగుపూత, అన్నిటికిని పైన గాజువలె నిర్మలమైన పారదర్శకపు పూత. ఈ నాలుగు పూతలును కలిసి సామాన్యముగా 100 మొదలు 150 మైక్రానుల మందముండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవవంతు. అందు పైనున్న పారదర్శకపు పూత సుమారు 40 లేక 50 మైక్రానులు మాత్రమే. మనుష్యుని తలవెండ్రుక మందము ఇంచుమించు 70 మైక్రానులు. అనగా లక్షల రూపాయలు పోసి కొనిన కారు మెరుపంతయు వెండ్రుకకంటెను పలుచనైన యొక పొరపై నిలిచియున్నది. ఎండలోని అతినీలలోహిత కిరణములు క్రిందిరంగును వెలవెలబార్చకుండ కాపాడునదియు ఆ పొరయే.

పెద్దలలో పలువురు అంబాసిడరు కార్ల కాలమును ఎరిగినవారు. ఆ కారు తయారగుట 2014లో నిలిచిపోయెను. పారదర్శకపు పూత లేని పూర్వపు రంగును పాలిషుపెట్టి రుద్దినపుడు కారు రంగే గుడ్డకు అంటెడిది. పైపొర కొంత పోయినను క్రిందనున్నదియు అదే రంగు గావున లోపము వెంటనే తెలిసెడిది కాదు. రంగుపూతపై పారదర్శకపు పూత వేయు పద్ధతి 1980 ప్రాంతమునుండి లోకమున వ్యాపించెను. నేటి కార్లన్నిటికిని దాదాపుగా అదే పద్ధతి. పాత డ్రైవరులు నేర్పిన బలమైన రుద్దుడు నేటి కారుకు పనికిరాదు. పని చేయువారి శ్రద్ధ తగ్గలేదు. వస్తువు స్వభావము మారినది.

ఇక గీత యెట్లు పడుచున్నది? జర్మను దేశీయుడైన ఫ్రీడ్రిక్ మోస్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు 1812లో ఖనిజముల కాఠిన్యమును 1 మొదలు 10 వరకు అంకెలతో కొలుచు పద్ధతిని ఏర్పరచెను. ఏది దేనిని గీయగలదో దానిని బట్టి వాని తారతమ్యమును నిర్ణయించుట ఆ పద్ధతి. కిటికీ గాజు కాఠిన్యము సుమారు 5.5. ఇసుకలోని తెల్లని పలుగురాయి కాఠిన్యము 7. తెలంగాణములోను రాయలసీమలోను నేల చాలచోట్ల నల్లసేనపురాతి జాతి బండలు శిథిలమై యేర్పడినది. ఆ బండలలో పలుగురాయి సహజముగా కలదు. కావున మన బాటల ధూళిలో గాజును సైతము గీయగల రేణువులున్నవి. కారు పైపూత గాజు కాదు, రాయి కాదు. గట్టిపడిన యొక జిగురుజాతి పదార్థము. దానిని గీయుటకు పలుగురేణువునకు శ్రమయే లేదు.

ఇక్కడనే అసలు సంగతి యున్నది. మెత్తని గుడ్డ తానై రంగును గీయదు. గుడ్డకును రంగునకును నడుమ చిక్కిన రేణువు గీయును. గుడ్డ దానిని పట్టుకొనును, చేయి దానిని నొక్కును, మోచేయి దానిని నడుపును. మార్కాపురపు పలకమీద పిల్లవాడు బలపముతో వ్రాసినది తడిగుడ్డకు పోవును. అదే పలకను ఇసుక అంటిన అరచేతితో రుద్దినచో పడిన గీత ఎన్నటికిని పోదు. పలకలతో ముప్పది యేండ్లు గడపిన నాకు ఈ భేదమును చెప్పుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

కారు కడిగితిమి గదా, ఇక ధూళి యెక్కడిది అని మీరడుగవచ్చును. ఎంత శ్రద్ధతో కడిగినను కొన్ని రేణువులు మిగిలియే తీరును. అద్దముల మూలలలోను, నంబరుపలక వెనుకను, తలుపు పిడుల సందులలోను దాగినవి నీటితోపాటు మెల్లగా క్రిందికి జారుచుండును. కడిగిన నీరే కాలువనీరైనచో అందలి వండలిమన్ను వేరుగా వచ్చి చేరును. కావున తుడుచువాడు, ఎక్కడనో యొక రేణువు మిగిలియున్నదని యెంచియే పని చేయవలయును. తడి తీయు పద్ధతి యంతయు ఈ యెంచికమీదనే ఆధారపడియున్నది.

ఆ గీతలు గుండ్రముగా నేల కనబడునో కూడ చెప్పెదను. నిజమునకు అవి అన్ని దిక్కులకును పడిన గీతలు. సూర్యుని ప్రతిబింబము చుట్టును, వెలుగునకు అడ్డముగా నున్న గీతలు మాత్రమే మెరసి, మిగిలినవి మరుగుపడుటచేత, కంటికి సాలెగూడువలె తోచును. కారు చుట్టును మీరు నడచినచో సాలెగూడును మీతో నడచును. నల్లని రంగుపై ఇది స్పష్టముగా తెలియును. తెల్లని రంగుపై కనబడకున్నను గీతలు లేవని భ్రమపడరాదు.

కాబట్టి తడి తీయుటలో రుద్దుట ఎంత తగ్గిన అంత మేలు. నీటిని తీయుటకు రుద్దుట అవసరమే కాదు. సిరాతో వ్రాసిన కాగితమును మనము అద్దుడుకాగితముతో నెట్లు ఆర్పెడివారము? మెల్లగా మోపి యెత్తెడివారము. రుద్దినచో అక్షరములు చెదరునని బడిపిల్లవానికిని తెలియును. చంటిబిడ్డకు నీళ్లు పోసిన ముసలమ్మ బిడ్డ ఒంటిని రుద్దక, మెత్తని గుడ్డ కప్పి అద్దును. ప్రమిదలోని నూనె వత్తిగుండ తానై పైకెక్కుచున్నది. దానిని త్రోయువారెవరును లేరు. సన్నని సందులు గల వస్తువునకు ద్రవమును తనలోనికి లాగుకొను శక్తి స్వభావసిద్ధము. మంచి గుడ్డను తడిమీద మోపినచో నీటిని అది పీల్చుకొనును. మన పని మోపుట, ఎత్తుట.

గుడ్డల గుణదోషములను విచారింతము. మన పాత పంచె ఒంటికి మెత్తనిదే. కాని అది పడుగుపేకలు కలిసిన చదునైన నేత. అందు రేణువు దాగుటకు లోతు లేదు. నడుమ చిక్కినది అక్కడనే యుండి రంగును గీయుచు పోవును. పైగా బండమీద ఉదికి నేలమీద ఆరవేసిన గుడ్డకు ఇసుక ముందే అంటియుండును. జరీయంచు, కుట్టిన మడత, చొక్కాకున్న బొత్తాము, బనీనుకు కుట్టిన గరుకు చీటి, ఇవి యన్నియు రంగునకు శత్రువులు. టర్కీ తువాలు కొంత మేలు. దాని పైనున్న నూలు ఉంగరములు నీటిని పీల్చును. రేణువు లోనికి దిగుటకు కొంత చోటిచ్చును. ఐనను అది యెండలో బిరుసెక్కినచో మంచిది కాదు.

పాత డ్రైవరులు గౌరవించు మరియొక వస్తువు మెత్తని తోలు. ఐరోపా కొండలలోని షామీ అను మేకజాతి జంతువు పేర దానికి షామీతోలు అని పేరు వచ్చెను. తరువాతి కాలమున గొఱ్ఱెతోలును చేపనూనెతో పదును చేసి దానిని తయారుచేయసాగిరి. అది నీటిని చక్కగా పీల్చును గాని దానికి నూగు లేదు. క్రింద రేణువున్నచో తోలు దానిని మ్రింగలేదు. ఎండినచో అట్టవలె బిగియును. కావున శుభ్రముగా కడిగిన కారుమీద, తడిపి పిండిన తరువాతనే దానిని వాడవలయును.

నేడు అందరకును అందుబాటులో నున్న మేలైన సాధనము మైక్రోఫైబరు తువాలు. మగ్గమెరిగిన పెద్దలకు దీని గొప్పతనము త్వరగా బోధపడును. 9000 మీటరుల పొడవు గల పోగు ఎన్ని గ్రాములు తూగునో ఆ లెక్కకు డెనియరు అని పేరు. 1 డెనియరుకంటె సన్నమైన పోగులతో చేసినది మైక్రోఫైబరు. ఇట్టి సన్నపోగులతో మెత్తని వస్త్రమును 1970లో జపాను దేశమున తోరే సంస్థలో మియోషి ఒకమోటో అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. తువాలులకు వాడు రకమున పాలిస్టరును పాలిఅమైడును కలిపి తీసిన పోగును చీల్చుటచేత నడుమ అసంఖ్యాకమైన సందులు ఏర్పడును. ఆ సందులు నీటిని పీల్చును. మెత్తని నూగు రేణువును రంగునకు దూరముగా లోనికి తీసికొనును. కొనునపుడు దట్టమైన నూగు గలదియు, అంచు మెత్తగా కుట్టినదియు చూచి కొనవలయును. మూలనున్న గరుకు చీటిని వాడకముందే కత్తిరించివేయవలయును. పెద్దది యొకటి, చిన్నవి రెండు ఉన్నచో ఇంటి కారుకు చాలును.

ఇక క్రమమును చెప్పెదను.

మొదట కారును నీడలో నిలిపి, బానెట్టు చల్లారిన తరువాతనే కడుగుడు. వేపచెట్టు నీడ మంచిదే గాని పక్షులు కూర్చుండు కొమ్మల క్రింద నిలుపుట తగదు. చివరి నీరు పోయునపుడు గొట్టము చివరనున్న మూతిని తీసివేసి, నీటిని వేగముగా చిమ్మక, పైకప్పునుండి మెల్లగా ప్రవాహముగా పారనిండు. నీటికి నీటియందు మక్కువ. జడివలె చిమ్మిన నీరు వేయి చుక్కలై నిలిచిపోవును. తెరవలె పారిన నీరు త్రోవలోని చుక్కలను తనతో కలుపుకొని దిగిపోవును. ఈ యొక్క ఉపాయముతో కారుమీద నిలిచిన నీటిలో మిక్కిలి భాగము చేయి తగులకయే పోవును. గొట్టము లేనివారు చెంబుతో పైనుండి ధారగా పోసినను ఇదే ఫలము.

కారుకు మైనపు పూత పెట్టించినచో నీరు తామరాకుమీది బిందువులవలె ఉండలుకట్టి జారును. తుడుచు శ్రమ సగము తగ్గును. గాలి ఊదు చిన్న విద్యుద్యంత్రము ఇంటనున్నచో దానితో అద్దముల మూలలలోని నీటిని తరుమవచ్చును. చేయి తగులని పద్ధతిలో గీతకు అవకాశమే లేదు. కాని దుమ్మునేలమీద దానిని క్రిందికి త్రిప్పినచో ధూళి లేచి తడిరంగుకు అంటుకొనునని జ్ఞప్తియుండవలయును.

తరువాత పెద్ద తువాలును కొంచెము తడిపి గట్టిగా పిండుడు. పూర్తిగా పొడియైన గుడ్డకంటె కొంచెము తేమ గల గుడ్డ నీటిని త్వరగా అందుకొనును. దానిని విప్పి పైకప్పుమీద పరచి, రెండు కొనలు పట్టుకొని, నొక్కక, తువాలు బరువుతోనే మెల్లగా మీవైపునకు తిన్నగా లాగుడు. ఆ తరువాత అద్దములు, బానెట్టు, డిక్కీ, తలుపుల పైభాగములు. ఎల్లప్పుడును పైనుండి క్రిందికి రావలయును. ఏలయన, బురదయు ఇసుకయు క్రిందిభాగముననే హెచ్చు. నిలువుగా నుండు తలుపులమీద చిన్న తువాలును నాలుగు మడతలు చేసి అద్దుడు. అట్లు మడిచిన తువాలునకు ఎనిమిది ముఖములుండును. ఒకటి తడిసినను మాసినను రెండవదానికి త్రిప్పవలయును. చేయి గుండ్రముగా త్రిప్పరాదు. తిన్నగా నడచిన చేతివలన ఒకవేళ గీత పడినను అది ఒక్క దిక్కునుండియే కనబడును.

తలుపుల క్రిందిభాగములకును, బంపరులకును, చక్రములకును వేరుగుడ్డ యుండవలయును. చక్రములయొద్ద బ్రేకులనుండి రాలిన లోహపు పొడి యుండును. అచ్చట వాడిన గుడ్డ బానెట్టు నెన్నటికిని తాకరాదు. పనివాడు పొరపడకుండుటకు రెండు గుడ్డలును వేరు రంగులవి కొనుట మేలు. తలుపులు తెరచి చట్రపు అంచులనున్న నీటినికూడ ఆ వేరుగుడ్డతో తీయుడు. పిదప కారును కొంతదూరము మెల్లగా నడపి, బ్రేకును రెండు మూడు మారులు సుతారముగా నొక్కుడు. బ్రేకుల తడి యారును. సందులలో దాగిన నీరు వెలికి వచ్చును. ఆ వచ్చిన నీటిని మరల అద్ది తీయవలయును.

ఇన్ని మాటలలో మరువరానిది యొకటి. చేతిలోని గుడ్డ నేలమీద పడినచో ఆ దినమునకు దాని పని ముగిసినట్లే. దులిపి వాడుదమనుట తగదు. నూగులో దిగిన ఇసుక దులుపునకు రాదు. కారణము చెప్పకుండ ఈ నియమము పెట్టినచో పనివాడు దానిని యజమాని చాదస్తమనుకొని, మనము చూడనపుడు దులిపి వాడును. కారణము చెప్పినచో తానే జాగ్రత్తపడును.

ఇంత శ్రమయేల, కడిగి యెండలో వదలినచో తానే యారదా యని యడుగువారు కలరు. ఆరును. కాని నీరు పోయి, నీటిలోనిది మిగులును. బోరునీటిని కాచిన కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టుట మీరందరు చూచినదే. ఆ పెచ్చే చుక్కచుక్కగా కారుమీద కట్టును. భారతీయ ప్రమాణముల సంస్థ త్రాగునీటిలో కరిగిన పదార్థములు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించకుండుట మేలనియు, వేరు ఆధారము లేనిచోట 2000 వరకు సహింపవచ్చుననియు నిర్ణయించినది. ఆ పై హద్దున నున్న నీరు అరలీటరు కారుమీద నిలిచి ఆరినదనుకొందము. లెక్క కట్టినచో ఒక గ్రాము లవణములు రంగుమీద మిగులును. అవియు సమముగా పరచుకొనక, ప్రతి చుక్క అంచునను ఉంగరమువలె చేరును. సున్నపురాతి నేలలు గల పలనాటి సీమలోను, బోరునీరు వాడుచోట నల్లగొండ ప్రాంతమునను దీని బాధ యెక్కువగా నుండును. క్రొత్త మచ్చలను, కొద్దిగా వెనిగరు కలిపిన నీటితో తడిపిన మెత్తని గుడ్డను క్షణకాలము మోపి, వెంటనే మంచినీటితో కడిగి తొలగింపవచ్చును. చింతపండు పులుసు ఇత్తడిమీది చిలుమును కరగించుటకును దీనికిని కారణమొక్కటే, ఆమ్లగుణము. కాని చింతపండును పిప్పితో రంగుమీద రుద్దరాదు. ఎండలో మాటిమాటికి కట్టి నిలిచిన మచ్చ రంగులోనికి దిగి, ఎంతకును పోకుండ నుండవచ్చును. వాననీటిని తొట్టిలో పట్టియుంచుకొనినవారు చివరి బిందెడు నీరు దానినుండి పోసినచో మచ్చల భయము చాలవరకు తీరును.

ఇక మానవలసిన అలవాట్లు కొన్ని కలవు. వేకువను మంచు కురిసిన కారును కడుగకయే, ఆ తడితోనే తుడుచుట మన యిండ్లలో సాధారణము. నిన్నటి ధూళియు నేటి మంచును కలిసి రంగుమీద సన్నని బురదయై యుండును. దానిని తుడుచుట ఆకురాయి త్రిప్పుటయే. పొడిగుడ్డతో దుమ్ము దులుపుటయు అట్టిదే. తీరిక లేనపుడు కారును మురికిగానే వదలుట రంగునకు తక్కువ హాని. అద్దములను మాత్రము నీరు పోసి శుభ్రము చేసికొన్న చాలును. దసరాకు కారును కడిగి పసుపు కుంకుమలు పెట్టుట మన ఆచారము. ఆరిన కుంకుమను మరునాడు గోటితో గీకక, పొడిగుడ్డతో రుద్దక, నీటితో నానబెట్టి కడిగివేయుడు. పురుగుమందు చల్లు యంత్రముతో కారు కడుగుట కొన్నిచోట్ల కలదు. అందు మిగిలిన మందు రంగునకును మంచిది కాదు, కడుగువాని చర్మమునకును మంచిది కాదు. కారును చెరువులోనికి దింపి కడుగుటయు ఆపవలసిన పని. ఆ నూనెయు సబ్బును పశువులు త్రాగు నీటిలో కలియును. ఇది గ్రామపెద్దలు చెప్పినచో సాగెడి మాట.

గుడ్డను కాపాడుట కారును కాపాడుటలో సగము. మైక్రోఫైబరు తువాలులను ఇంటి నూలుబట్టలతో కలిపి ఉదుకరాదు. నూలుపీచు వాని సందులలో చిక్కుకొనును. కొద్ది సబ్బునీటిలో విడిగా జాడించి, సబ్బు పూర్తిగా పోవువరకు కడుగుడు. బట్టలకు మెత్తదనమునకై వేయు సుగంధద్రవములు వేయరాదు. అవి సందులను పూడ్చి నీటిని పీల్చు శక్తిని తగ్గించును. మసలుచున్న నీరు తగదు. ముండ్లకంచెమీద గాని, నేలమీద గాని, బాట ప్రక్క గాని ఆరవేయక, నీడను దండెముమీద ఆరవేసి, ఆరిన వెంటనే సంచిలో పెట్టి మూతి కట్టుడు.

ఇదివరకే గీతలు పడిన కార్ల మాట యేమి? గోరును గీతకు అడ్డముగా మెల్లగా లాగి చూడుడు. గోరు తగులకున్నచో గీత పైపొరలో కొద్దిలోతున నున్నది. నేర్పరియైనవాడు పాలిషుతో దానిని పోగొట్టగలడు. కాని ఆ పని యనగా గీత చుట్టునున్న పూతను గీత లోతువరకు అరగదీయుటయే. వెండ్రుకకంటె పలుచని పొరను ఎన్ని మారులు అరగదీయవచ్చునో మీరే యోచింపుడు. ఏటేట పండుగకు పాలిషు పెట్టించుట కారును ప్రేమించుట కాదు. గోరు తగిలినచో గీత లోతైనది. లోపలి ఇనుము కనబడుచున్నచో, ముఖ్యముగా సముద్రతీరపు జిల్లాలలో, ఆలసింపక రంగు వేయింపవలయును. ఉప్పుగాలికి త్రుప్పు ఒకమారు ప్రవేశించినచో పూత క్రిందుగా ప్రాకును.

మహాశయులారా! ఇంతవరకు చెప్పినదానికి పెట్టుబడి రెండు మూడు తువాలులు, ఒక సంచి, గడియలో సగము కాలము. ఇంటిలో ఆజ్ఞ యిచ్చువారు మీరు. పని చేయువాడు మనుమడో, డ్రైవరో, జీతపు కుఱ్ఱవాడో. రేపు కారు కడుగుటకు పిలిచినపుడు, మొదట వానికి మీరిచ్చు గుడ్డను మీరే చేతిలోనికి తీసికొని, దాని అంచును తడిమి, నూగును వ్రేలితో విప్పి చూడుడు. ఇసుక తగిలినచో దానిని ప్రక్కన పెట్టి మంచిదానిని ఇండు. రుద్దవలదు, అద్దుమని చెప్పి, ఒక తలుపును మీరే అద్ది చూపుడు. పాఠమును ఒకమారు చేసి చూపిన గురువునకు మరల కోపపడవలసిన అవసరము తక్కువగా నుండును.